ఇంజిన్‌కూ ఉక్కపోస్తుంది!

ఇంట్లో ఫ్యాను పావుగంట ఆగితే చాలు... ఇల్లంతా గగ్గోలే. పిల్లల నోట్‌పుస్తకాలు విసనకర్రలైపోతాయి. ఎలక్ట్రీషియన్‌ ఫోను మోగిపోతుంది. అదే ఇంటి ముందు నిలబెట్టిన కారులో ఓ ఫ్యాను ఆగిపోయి నెలలైనా ఎవరికీ తెలీదు. అసలు అలాంటిదొకటి ఉందన్న సంగతే చాలామందికి తెలీదు! బానెట్‌ కింద, రేడియేటర్‌ వీపునంటుకుని తిరిగే ఆ పంకా ఊసు గుర్తొచ్చేది ఎప్పుడంటే... మండుటెండలో, ఏ తిరుమల ఘాట్‌రోడ్డు మలుపులోనో, టోల్‌గేటు ముందు బారులోనో బండి ముక్కులోంచి బుస్సుమంటూ ఆవిరి లేచినప్పుడు. రిలేనో ఫ్యూజో మార్చుకుంటే వందల్లో తేలిపోయే ఖర్చు అప్పటికి వేలల్లోకి ఎక్కేసి ఉంటుంది. గోటితో పోయేదానికి గొడ్డలి తెచ్చుకోవడమంటే ఇదే!

కరగని పిస్టన్‌ కథ

ఇంజిన్‌లో పెట్రోలు మండినప్పుడు సిలిండర్‌ లోపలి వాయువుల వేడి క్షణకాలంపాటు రెండు వేల డిగ్రీల సెల్సియస్‌ దాటుతుంది. పిస్టన్‌ని చేసే అల్యూమినియమేమో 660 డిగ్రీలకే కరిగిపోతుంది. మరి పిస్టన్‌ ఎందుకు కరగదూ? పుట్టిన వేడిని పుట్టినట్టే బయటికి తోసేసే ఏర్పాటు ఉంది కాబట్టి. ట్యాంకులో పోసిన ఇంధనం ఇచ్చే శక్తిలో సుమారు మూడోవంతు మాత్రమే బండిని నడపడానికి పనికొస్తుంది. ఇంకో మూడోవంతు సైలెన్సర్‌ గుండా పోతుంది. మిగిలినదంతా ఇంజిన్‌ ఒంట్లోకే చేరుతుంది. దాన్ని వదిలించే బాధ్యత రేడియేటర్‌ది.

ఇంజిన్‌ గోడల మధ్య సందుల్లో కూలెంట్‌ తిరుగుతుంటుంది. వాటర్‌పంపు దాన్ని తోస్తుంది. వేడి 80-90 డిగ్రీలకు చేరాక థర్మోస్టాట్‌ అనే చిన్న తలుపు తెరుచుకుని కూలెంట్‌ని రేడియేటర్‌లోకి వదులుతుంది. అక్కడి సన్నటి గొట్టాలూ, వాటినంటుకున్న పల్చటి రేకులూ వేడిని గాలికి అప్పజెబుతాయి. చల్లబడ్డ కూలెంట్‌ మళ్లీ ఇంజిన్‌లోకి... ఇలా బండి నడిచినంతసేపూ ప్రదక్షిణే.

ఇందులో గాలి ఎక్కణ్నుంచి రావాలి? బండి గంటకు యాభై అరవై కిలోమీటర్ల వేగంతో పోతుంటే ఎదురుగాలే రేడియేటర్‌కు సరిపోతుంది. ఫ్యానుకు పెద్దగా పని ఉండదు. చిక్కంతా బండి నెమ్మదించినప్పుడే. సిగ్నల్‌ దగ్గర ఇంజిన్‌ తిరుగుతూనే ఉంటుంది, ఎదురుగాలి మాత్రం సున్నా. ఘాట్‌రోడ్డెక్కేటప్పుడు మరీ కష్టం. దోర్నాల నుంచి శ్రీశైలమైనా, శృంగవరపుకోట నుంచి అరకైనా... ఇంజిన్‌ రొప్పుతూ పనిచేస్తుంది, బండేమో నత్తనడక. వేడి ఎక్కువ, గాలి తక్కువ. ఆ లోటు పూడ్చేది ఫ్యానొక్కటే.

బెర్తా నీళ్ల కష్టాలు

కారు పుట్టినప్పుడు ఫ్యానూ లేదు, ఇప్పటిలాంటి రేడియేటరూ లేదు. కార్ల్‌ బెంజ్‌ 1886లో పేటెంటు పొందిన మూడు చక్రాల బండిలో నీళ్లు మరిగి ఆవిరైపోతూ ఇంజిన్‌ని చల్లబరిచేవి. ఆయన భార్య బెర్తా 1888లో ఇద్దరు కొడుకుల్నీ ఎక్కించుకుని జర్మనీలోని మాన్‌హైమ్‌ నుంచి పుట్టినిల్లు ఫోర్జ్‌హైమ్‌కు వంద కిలోమీటర్లకు పైగా ఆ బండిలోనే వెళ్లింది. చరిత్రలో మొదటి దూరప్రయాణంగా దాన్ని చెప్పుకుంటారు. దారిలో ఆమెను ఎక్కువగా విసిగించిన పనుల్లో ఒకటి... మాటిమాటికీ ఆగి నీళ్లు పోసుకోవడమే!

ఆ తిప్పలు తప్పించింది విల్హెల్మ్‌ మేబాక్‌. 1901లో సంచలనం సృష్టించిన మెర్సిడెస్‌ 35 హెచ్‌పీ కారు కోసం ఆయన తేనెపట్టులాంటి రేడియేటర్‌ని తయారుచేశాడు. అందులో 8,070 చిన్నచిన్న గొట్టాలు! బండి నెమ్మదిగా పోతున్నప్పుడు కూడా గాలి ఆడేలా దాని వెనక ఓ చిన్న ఫ్యాను పెట్టాడు. నూట పాతికేళ్లు కావస్తున్నా బానెట్‌ కింద అమరిక దాదాపు అదే.

మూడు రకాల పంకాలు

అంబాసిడర్‌ బానెట్‌ ఎత్తి చూసినవారికి ముందువైపు ఇనుప రెక్కల ఫ్యాను గుర్తుండే ఉంటుంది. ఇంజిన్‌తో పాటే బెల్టు మీద తిరిగేది. ఇంజిన్‌ ఎంత వేగంగా తిరిగితే ఇదీ అంతే. అవసరమున్నా లేకున్నా తిరగాల్సిందే. ఫ్యాను వేగం రెట్టింపైతే దాన్ని తిప్పడానికి కావాల్సిన శక్తి ఎనిమిది రెట్లవుతుంది. అంటే రోడ్డు మీద రివ్వున పోయేటప్పుడు, ఫ్యాను అక్కర్లేని సమయంలోనే, ఇంధనాన్ని ఎక్కువగా తినేస్తుందన్నమాట. అంబాసిడర్‌ తయారీ 2014లో ఆగిపోయింది కానీ ఈ తరహా ఫ్యాన్లు ట్రాక్టర్లలో ఇంకా తిరుగుతూనే ఉన్నాయి.

ఆ దుబారాకు మందు రెండో రకం... విస్కస్‌ క్లచ్‌ ఫ్యాను. లారీల్లో, బరువైన జీపు తరహా బండ్లలో కనిపిస్తుంది. ఫ్యానుకూ ఇంజిన్‌కూ మధ్య చిక్కటి సిలికాన్‌ నూనె నింపిన పళ్లెంలాంటి క్లచ్‌ ఉంటుంది. రేడియేటర్‌లోంచి వచ్చే గాలి వేడెక్కితే క్లచ్‌ ముందున్న రెండు లోహాల చుట్ట వంపు తిరిగి లోపలి కవాటాన్ని తెరుస్తుంది. నూనె పలకల మధ్యకు చేరి ఫ్యానుని ఇంజిన్‌తో కలిపి పట్టుకుంటుంది. చల్లబడితే పట్టు వదిలేస్తుంది. వైర్లు లేవు, స్విచ్చీలు లేవు!

మూడోది ఎలక్ట్రిక్‌ ఫ్యాను. 1983 డిసెంబరులో రోడ్డెక్కిన మారుతి 800తో ఇంజిన్‌ని అడ్డంగా కూర్చోబెట్టే పద్ధతి మన వీధుల్లో మామూలైపోయింది. అడ్డంగా ఉన్న ఇంజిన్‌ బెల్టు పక్కకు తిరిగి ఉంటుంది, రేడియేటరేమో ముందువైపు ఉంటుంది. ఇక ఫ్యానుకు విడిగా మోటారు పెట్టక తప్పదు. ఇప్పుడు కుటుంబాలు వాడే కార్లలో దాదాపు అన్నీ ఇవే. సాధారణంగా కూలెంట్‌ 95-100 డిగ్రీల దగ్గరికొస్తే ఫ్యాను అందుకుంటుంది, నాలుగైదు డిగ్రీలు దిగగానే ఆగుతుంది. ఏసీ వేస్తే వేడితో నిమిత్తం లేకుండా తిరుగుతుంది. ఎందుకంటే ఏసీ కండెన్సర్‌ ఉండేది కూడా రేడియేటర్‌ ముందే. 20 ఆంపియర్లు తీసుకునే ఫ్యాను మోటారంటే 12 వోల్టుల లెక్కన 240 వాట్లు. ఇంట్లోని మామూలు సీలింగ్‌ ఫ్యాన్లు మూడింటి పెట్టు!

ముందే చెబుతుంది... వినాలంతే

ఫ్యాను ఉన్నట్టుండి చచ్చిపోవడం తక్కువ. చాలాసార్లు ముందుగానే మొరపెట్టుకుంటుంది.

బండి కదులుతుంటే ఏసీ చల్లగా ఉండి, సిగ్నల్‌ దగ్గర ఆగగానే వెచ్చటి గాలి వస్తోందా? ‘గ్యాస్‌ అయిపోయిందేమో’ అనుకుని ఏసీ షాపుకు పరుగెత్తకముందే ఫ్యాను తిరుగుతోందో లేదో చూడాలి. ట్రాఫిక్‌లో టెంపరేచర్‌ ముల్లు పైకెక్కి, హైవే మీద దానంతటదే దిగిపోతుంటే అనుమానం ఫ్యాను మీదే. అలా కాక ఊళ్లో బాగుండి హైవే మీద వేడెక్కుతుంటే ఫ్యాను తప్పు కాకపోవచ్చు. రేడియేటర్‌ పూడుకుపోవడమో, థర్మోస్టాట్‌ సరిగా తెరుచుకోకపోవడమో అయ్యుంటుంది. ఈ ఒక్క తేడా తెలిస్తే షెడ్డులో అనవసరంగా మార్పించే సామాన్లు సగం తగ్గుతాయి.

గరగరమని చప్పుడొస్తే బేరింగ్‌ అరిగినట్టు. రెక్కలు అదురుతుంటే ఎక్కడో విరిగినట్టు. ఒకసారి తిరిగి ఇంకోసారి మొరాయిస్తూ, మోటారు మీద చిన్న దెబ్బ వేయగానే కదిలితే లోపలి కార్బన్‌ బ్రష్‌లు అరిగిపోయినట్టు.

మోటారొక్కటే దోషి కాదు

ఫ్యాను తిరగట్లేదనగానే మోటారు మార్చేయడం చాలా షెడ్లలో అలవాటు. కొత్త మోటారు బిగించాక కూడా తిరగకపోతే అప్పుడు మొదలవుతుంది అసలు వెతుకులాట. చౌకదాన్నుంచి ఖరీదైనదాని వైపు వెళ్లడమే తెలివైన పద్ధతి.

మొదట ఫ్యూజు. ఫ్యూజుపెట్టె మూత లోపలే ఏది దేనిదో బొమ్మ ఉంటుంది. కాలిపోతే అదే ఆంపియర్లది మరొకటి వేయాలి. మళ్లీ కాలిందంటే మోటారో వైరో పట్టేసిందని అర్థం. తర్వాత రిలే. అగ్గిపెట్టెకన్నా చిన్నదైన ఈ నల్లడబ్బా చిన్న కరెంటు అందుకుని పెద్ద కరెంటును వదిలే కాపలాదారు. అదే నంబరున్న రిలే పక్కనే హారన్‌కో మరోదానికో ఉంటే దాన్ని తీసి ఇక్కడ పెట్టి చూస్తే గుట్టు తెలిసిపోతుంది. ఆ తర్వాత ప్లగ్గు. కరెంటు ఎక్కువగా పారే చోటు కాబట్టి పిన్నులు వదులైతే వేడెక్కి ప్లాస్టిక్‌ కరిగిపోతుంది. కరిగిన ప్లగ్గును అలాగే ఉంచి కొత్త మోటారు బిగిస్తే అది కూడా ఎక్కువ రోజులు నిలవదు. రాత్రిళ్లు ఇంజిన్‌ వెచ్చదనం కోసం దూరే ఎలుకలు వైర్లు కొరికాయేమో కూడా చూడాలి.

ఇవన్నీ బాగుంటే టెంపరేచర్‌ సెన్సర్‌. చాలా కొత్త కార్లలో ఈ సెన్సర్‌ ప్లగ్గు ఊడదీయగానే కంప్యూటర్‌ ప్రమాదమని భావించి ఫ్యానుని తిప్పేస్తుంది. అలా తిరిగిందంటే మోటారూ, రిలే, వైరూ బాగున్నట్టే. అప్పుడు సెన్సర్‌ని పరీక్షించాలి. చివరగా మోటారుకు బ్యాటరీ నుంచి నేరుగా కరెంటిచ్చి చూస్తారు. అప్పుడూ తిరగకపోతేనే మోటారు పోయినట్టు. రెండు వేగాలున్న ఫ్యాన్లలో తక్కువ వేగం రాక ఎక్కువ వేగం మాత్రమే వస్తుంటే చాలాసార్లు మోటారు బాగానే ఉంటుంది. దానికి కరెంటు తగ్గించి ఇచ్చే రెసిస్టర్‌ పోయి ఉంటుంది.

విస్కస్‌ ఫ్యానుకైతే పరీక్ష మరీ సులువు. ఇంజిన్‌ ఆపి, చల్లారాక రెక్కను చేత్తో తిప్పాలి. కాస్త బరువుగా తిరిగి ఆగాలి. విసిరితే బొంగరంలా తిరుగుతూనే ఉన్నా, క్లచ్‌ చుట్టూ నూనె చారలు కనిపించినా దాని పని అయిపోయినట్టే. పొద్దున్నే స్టార్టు చేయగానే కొద్దిసేపు హోరెత్తి తర్వాత సద్దుమణగడం మాత్రం జబ్బు కాదు. రాత్రంతా నిలిచిన నూనె పలకల మధ్య చేరి ఉంటుందంతే.

మార్చేటప్పుడు...

పనికి ముందు ఇంజిన్‌ పూర్తిగా చల్లారాలి. బ్యాటరీ నెగెటివ్‌ తీగ ఊడదీయాలి. తాళంచెవి జేబులో ఉంది కదాని ధీమా పనికిరాదు. కొన్ని బండ్లలో ఇంజిన్‌ ఆపాక కూడా వేడి చూసుకుని ఫ్యాను దానంతటదే తిరుగుతుంది. వేళ్లు తెగిన ప్రమాదాలు ఇలా జరిగేవే. మెడలో తువ్వాలు, చున్నీ, వదులైన చొక్కా చేతులు... ఏవీ ఆ దరిదాపుల్లో ఉండకూడదు.

మోటారు, రెక్కలు, వాటి చుట్టూ ఉండే ప్లాస్టిక్‌ చట్రం చాలా కార్లలో ఒకే సెట్టుగా ఊడి వస్తాయి. పైకి లాగేటప్పుడు రేడియేటర్‌ రేకులకు తగలకుండా మధ్యలో ఓ అట్టముక్క అడ్డం పెడితే మంచిది. రెక్కల్ని పట్టి ఉంచే నట్టు కొన్నింటిలో ఎడమ మరతో ఉంటుంది. అది తెలీక బలం చూపిస్తే విరిగేది మోటారు కడ్డీయే. విస్కస్‌ క్లచ్‌నైతే విప్పాక పడుకోబెట్టకూడదు, నిలబెట్టే ఉంచాలి. లేదంటే నూనె కారిపోతుంది.

బిగించాక అందరూ మరిచిపోయే పరీక్ష ఒకటుంది... గాలి ఎటు పోతోందో చూడటం. రేడియేటర్‌ ముందు పల్చటి కాగితం పెడితే దాన్ని ఫ్యాను లోపలికి లాక్కోవాలి. ప్లగ్గు మార్చి అతికించినప్పుడు రెండు వైర్లూ తారుమారైతే మోటారు ఎదురు తిరుగుతుంది. ఫ్యాను గిర్రున తిరుగుతూనే ఉంటుంది, బండి మాత్రం వేడెక్కుతూనే ఉంటుంది! బయటి నుంచి వచ్చే గాలినీ, ఫ్యాను తోసే గాలినీ ఒకదానికొకటి ఎదురు నిలబెట్టినట్టవుతుంది మరి.

చట్రమే కదా అని చులకన చేయొద్దు. రెక్కలు లాగే గాలి రేడియేటర్‌ మొత్తం మీదుగా వచ్చేలా చేసేది అదే. అది లేకపోతే ఫ్యాను ఇంజిన్‌ వైపున్న వేడిగాలినే తిప్పితిప్పి పీలుస్తుంది. చీలిన రెక్కకు జిగురు పూయడం కూడా పనికిరాదు. బరువు తేడా వచ్చి మోటారు బేరింగ్‌ని తినేస్తుంది. వేగంగా తిరుగుతున్నప్పుడు ముక్క ఊడితే నేరుగా రేడియేటర్‌లోకే.

‘డైరెక్టు’ వైద్యం వద్దు

సెన్సర్‌ దొరక్కపోతే ఫ్యానుకు నేరుగా కరెంటిచ్చేయడం మన రోడ్ల మీద పాత వైద్యం. తాళం తిప్పినప్పటి నుంచీ ఫ్యాను తిరుగుతూనే ఉంటుంది. ఇల్లు చేరడానికి ఒక్కరోజు గట్టెక్కిస్తే సరే. అదే శాశ్వతమైతే బ్రష్‌లు త్వరగా అరుగుతాయి, బ్యాటరీ మీద భారం పడుతుంది. ఫ్యూజు స్థానంలో రాగితీగ చుట్టడం మరీ ప్రమాదం. మోటారు పట్టేసిన రోజు కాలాల్సింది ఫ్యూజు. అది లేకపోతే వైర్లు కాలతాయి, ఆ తర్వాత బండే!

‘మన ఎండలకు థర్మోస్టాట్‌ ఎందుకు?’ అని పీకేయడం ఇంకో ఆనవాయితీ. అది లేకపోతే ఇంజిన్‌ ఉండాల్సిన వేడికి చేరడానికి చాలాసేపు పడుతుంది. ఇంధనం ఎక్కువ తాగుతుంది, నూనెలో మడ్డి పేరుకుంటుంది. కొన్ని ఇంజిన్లలోనైతే కూలెంట్‌ రేడియేటర్‌ దాకా వెళ్లకుండా అడ్డదారిలో తిరిగి వేడి ఇంకా పెరుగుతుంది.

బోరునీళ్లు పోయడం కూడా అలాంటిదే. వాటిలోని లవణాలు కుండ అడుగున పట్టినట్టే రేడియేటర్‌ గొట్టాల్లో గారగా పేరుకుంటాయి. అప్పుడు ఎంత మంచి ఫ్యాను పెట్టినా ఉపయోగం ఉండదు. కంపెనీ చెప్పిన కూలెంట్‌నే వాడాలి. కలపాల్సి వస్తే డిస్టిల్డ్‌ వాటర్‌.

దారిలో ముల్లు ఎర్రగీత తాకితే?

ముల్లు పైకెక్కుతున్నట్టు కనిపించగానే ఏసీ ఆపేయాలి. కారులో హీటర్‌ ఉంటే పూర్తిగా పెట్టాలి. ఎండలో హీటరా అనిపించినా అది కూడా ఓ బుల్లి రేడియేటరే, ఇంజిన్‌ వేడిని కొంత లాగేస్తుంది. అయినా దిగకపోతే, ఆవిరి కనిపిస్తే బండిని పక్కకు తీసి ఇంజిన్‌ ఆపేయాలి. ‘ఇంకో రెండు కిలోమీటర్లేగా’ అనుకున్నచోటే హెడ్‌ వంపు తిరిగి గ్యాస్‌కెట్‌ కాలిపోతుంది. ఆ తర్వాత ఇంజిన్‌ హెడ్‌ దించాల్సిందే.

అన్నిటికన్నా ముఖ్యం... వేడి మీదున్న రేడియేటర్‌ మూత ముట్టుకోకూడదు. ఇదీ ఇంట్లో కుక్కర్‌ సూత్రమే. లోపల ఒత్తిడి ఉండటం వల్ల నీళ్లు నూరు డిగ్రీల దగ్గర మరగవు, సుమారు 120 డిగ్రీల దాకా ఆగుతాయి. మూత తిప్పగానే ఒత్తిడి పడిపోయి, ఉన్న నీళ్లన్నీ ఒక్కసారిగా మరిగి మొహం మీదికి చిమ్ముతాయి. విజిల్‌ వస్తున్న కుక్కర్‌ మూత ఎవరైనా లాగుతారా? కనీసం అరగంట, అప్పటికీ పైగొట్టం వేడిగా ఉంటే ఇంకాసేపు ఆగాలి. కాలుతున్న ఇంజిన్‌ మీద చన్నీళ్లు కుమ్మరించినా ప్రమాదమే. లోహం ఒక్కసారిగా ముడుచుకుని పగుళ్లిస్తుంది.

పొలంలో... బైకులో...

వరికోతల కాలంలో ట్రాక్టర్లకూ కోత యంత్రాలకూ ఫ్యాను బాగున్నా ఊపిరాడదు. పొట్టూ తవుడూ దుమ్మూ రేడియేటర్‌కు దుప్పటిలా పట్టేస్తాయి. పని ఎక్కువగా ఉన్న రోజుల్లో రోజూ దులపాలి. గాలి కొట్టేటప్పుడు ఫ్యాను వైపు నుంచి బయటికి, అంటే దుమ్ము వచ్చిన దారినే వెనక్కి పంపాలి. నీటి జెట్‌తో దగ్గర్నుంచి కొడితే పల్చటి రేకులు వంగిపోయి గాలి దారులు మూసుకుపోతాయి. బెల్టు వదులైతే ఫ్యాను జారిపోతుంది. బెల్టు పగుళ్లిచ్చినా, అంచులు మెరుస్తున్నా మార్చేయాలి.

కూలెంట్‌తో చల్లబడే కుర్రకారు బైకుల్లోనూ బుల్లి ఎలక్ట్రిక్‌ ఫ్యాను ఉంటుంది. ముందు చక్రం చిమ్మే బురదంతా దాని మొహానే! బండి ఆపాక అది కాసేపు తిరిగితే కంగారు పడక్కర్లేదు. పాత స్కూటర్లకు ఈ బాధే లేదు. ఇంజిన్‌ చక్రానికే రెక్కలుంటాయి, రేకు తొడుగులోంచి గాలి సిలిండర్‌ మీదికి వీస్తుంది. ఆ తొడుగు తీసేసి నడిపితే మాత్రం ఇంజిన్‌ పట్టేసే ప్రమాదముంది. కరెంటు కార్లొచ్చినా ఫ్యాను రుణం తీరలేదు. వాటిలోనూ మోటారు, బ్యాటరీల వేడిని వదిలించే రేడియేటరూ, దాని వెనక ఫ్యానూ ఉండటం మామూలే.

ఎప్పుడేం చూడాలి?

- నెలకోసారి: బండి నిలబెట్టి ఏసీ వేసి ఫ్యాను తిరుగుతోందా, చప్పుడు మారిందా అని వినాలి. కూలెంట్‌ డబ్బాలో మట్టం గీతల మధ్య ఉందో లేదో చూడాలి.
- ఎండాకాలానికి ముందు: రేడియేటర్‌, కండెన్సర్‌ రేకుల్లోని దుమ్మూ పురుగులూ శుభ్రం చేయించాలి. రెక్కలకు పగుళ్లు, ప్లగ్గు కరిగిన గుర్తులు, బెల్టు బిగువు చూపించాలి.
- వానాకాలంలో: లోతు నీళ్లలోకి బండిని దింపొద్దు. తిరుగుతున్న రెక్కలు నీటి దెబ్బకు ముందుకు వంగి రేడియేటర్‌నే చీల్చగలవు.
- దూరప్రయాణానికి ముందు: అదే ఆంపియర్ల ఫ్యూజులు రెండు, ఒక రిలే, ఐదు లీటర్ల నీళ్లు డిక్కీలో ఉండాలి.
- కంపెనీ చెప్పిన గడువుకు: కూలెంట్‌ మార్పించాలి. రంగు తుప్పులా మారితే గడువు దాకా ఆగక్కర్లేదు.

ఇవన్నీ కలిపినా నెలకు పది నిమిషాల పని. పిల్లాపాపలతో కొండదారి పట్టినప్పుడు ఆ పది నిమిషాల విలువేమిటో టెంపరేచర్‌ ముల్లే చెబుతుంది... మధ్యలో నిలబడి కదలకుండా!